వెనక నుంచి చూసి చెప్పు

మూడో అంతస్తు, లారీ షెడ్ల వెనక వీధి
ఫిబ్రవరి 11

అన్నయ్యకి,

మూడేళ్ళ తర్వాత రాస్తున్నాను. క్షేమసమాచారాలు అడగను, చెప్పను. పని ఉండి రాస్తున్నాను.

పాత ఇల్లు ఖాళీ చేసి నెలయింది. ఇక్కడ రెండు గదులు. కిటికీ తీస్తే లారీల పొగ, మూస్తే ఉక్క. సామాను సర్దుతుంటే బీరువా మీద ఒక పొడుగాటి అట్టపెట్టె కనిపించింది. పైన విమానం బొమ్మ. రిమోటుతో ఎగరేసేది, బ్యాటరీ మోటారుది, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమట. ఆయన ఎప్పుడు కొన్నారో, ఎందుకు దాచారో తెలియదు. టేపు కూడా విప్పలేదు. లోపల థర్మకోల్ లాంటి నురుగుతో చేసిన రెక్క రెండు ముక్కలుగా ఉంది. తోక, చిన్న మోటారు, బ్యాటరీ, కొన్ని సన్నటి తీగలు ఉన్నాయి. ఒక చిన్న పుస్తకం కూడా ఉంది గాని అందులో భాష మనది కాదు. బొమ్మలు చూసి ఊహించుకోవాలి.

అత్తయ్య "ఎవరికైనా ఇచ్చెయ్" అంది. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. దీన్ని బిగించి ఒక్కసారైనా ఎగరేయాలి. ఎందుకని అడగకు.

పైర్ల మీద మందు చల్లే విమానాన్ని ఆయన నడిపారు. దాన్ని బాగుచేసిన మెకానిక్కువి నువ్వు. విమానాల సంగతి తెలిసినవాళ్ళు నాకు మీరిద్దరే. ఆయన లేరు. నువ్వు ఎక్కడున్నావో, ఎందుకున్నావో మనిద్దరికీ తెలుసు.

దీని గురించి మాత్రమే రాయి. ఆ రోజు గురించి, కోర్టు గురించి, నీ బాధ గురించి వద్దు. నీకు రాస్తున్నట్టు అత్తయ్యకు తెలియదు. జవాబు ఇంటికి కాకుండా నేను పనిచేసే బైండింగ్ షాపుకి పంపు.

నీ చెల్లెలు


కారాగారం, కుట్టుపని విభాగం
ఫిబ్రవరి 24

చెల్లీ,

కవరు మీద నీ అక్షరాలు చూసి విప్పడానికి పూటంతా పట్టింది. నువ్వు వద్దన్నవి ఏవీ రాయను.

ఇక్కడ మా ఉత్తరాలు చదివే అధికారి ఒకాయన ఉన్నాడు. నీ ఉత్తరం చదివి నన్ను పిలిపించాడు. "రెక్కలంటోంది, మోటారంటోంది, ఏమిటి కథ, గోడ మీదుగా పోదామనా?" అన్నాడు. అది మూరెడు బొమ్మ విమానమని, నా బరువుకు అది పిండి అవుతుందని చెప్పి ఒప్పించాను.

ముందు బ్యాటరీ సంగతి. బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడు. పలకలా చదునుగా ఉండాలి. ఇన్నేళ్ళు ఊరికే పడి ఉంది కాబట్టి పొట్ట ఉబ్బే ఉంటుంది. ఉబ్బితే ఛార్జింగు పెట్టకు, గుచ్చకు, చెత్తలో పారెయ్యకు. అది అంటుకుంటే నీళ్ళకు ఆరదు. ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, బ్యాటరీలు అమ్మేవాడికి ఇచ్చి అదే కొలత కొత్తది తెచ్చుకో. కొత్తదాన్ని ఛార్జింగు పెట్టినంతసేపూ పక్కనే కూర్చో. పొయ్యి మీద పాలు పెట్టినట్టే అనుకో.

తర్వాత రెక్క. రెండు ముక్కల మధ్య పెట్టెలో ఉండే నల్లటి కడ్డీ దూర్చి అతికించాలి. ఘాటు వాసన కొట్టే జిగురు వాడితే నురుగును తినేస్తుంది. మీ షాపులో పుస్తకాల వీపుకు పూసే తెల్లది చాలు. జిగురు గురించి నీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. ఒక రోజంతా ఆరనివ్వు. రెక్క మెలి తిరగకుండా చూసుకో. వంకర రెక్కను ఏ మోటారూ నిలబెట్టలేదు.

అంతవరకు చేసి రాయి. నాకిక్కడ తొందరేమీ లేదు.

అన్నయ్య


మూడో అంతస్తు
మార్చి 15

అన్నయ్యకి,

బ్యాటరీ నువ్వన్నట్టే ఉబ్బింది. కొత్తది తెచ్చాను. రెక్క అతికించాను. ఆరేటప్పుడు కదలకుండా రెండు వైపులా లెక్కల పుస్తకాల కట్టలు పెట్టాను. అవి చాలక ఒక కొసను అత్తయ్య పట్టుకుంది.

మొదట "ఈ వయసులో బొమ్మలాట ఏమిటే" అని సణిగింది. తర్వాత తనే వచ్చి కూర్చుంది. గంటన్నర పట్టుకుని చెయ్యి లాగుతున్నా వదల్లేదు. "ఇదంతా నీకెవరు చెబుతున్నారు?" అంది. "బ్యాటరీల షాపతను" అన్నాను. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో పనిచేసిన మనిషి. అవతలివాడు అబద్ధమాడితే గొంతులోనే పట్టేస్తుంది. పట్టింది కూడా. కాని కొసను ఇంకాస్త అదిమి పట్టుకుంది, అంతే.

ఆవిడ ఈ మధ్య ఏమీ అనదు. కొడుకు పేరు తలవదు. ఎవరైనా పలకరింపుగా ఆయన మాట ఎత్తితే లేచి వంటగదిలోకి వెళ్ళిపోతుంది. కోర్టులో ఆ మాట వచ్చినప్పటి నుంచీ అంతే. "వాడు చూసుకోకుండా ఎక్కాడు" అని ఒకే ఒక్కసారి నాతో అంది. దుఃఖమైతే నేను పంచుకునేదాన్ని. అది సిగ్గు. దాన్ని ఎలా పంచుకోవాలో నాకు తెలియదు.

వద్దన్నదాన్ని నేనే రాశాను. వదిలెయ్.

తోక బిగించి, బ్యాటరీ లోపల పెట్టి, రెక్క కింద వేళ్ళు ఆనించి లేపితే తోక కిందికి జారిపోతోంది. ఏం చెయ్యాలి?

చెల్లెలు


కారాగారం, కుట్టుపని విభాగం
మార్చి 29

చెల్లీ,

తోక జారితే బ్యాటరీని ముక్కు వైపు జరుపు. వేలెడు జరిపితే చాలు. రెక్క ముందు అంచు నుంచి మూడో వంతు దూరంలో రెండు వైపులా చూపుడువేళ్ళు ఆనించి పైకెత్తు. విమానం నిలవాలి, ముక్కు మాత్రం కాస్త వంగాలి, పెద్దవాళ్ళ ముందు తల దించినట్టు. ముక్కు బరువైన విమానం బద్ధకంగా ఎగురుతుంది. తోక బరువైనది ఎగరనే ఎగరదు.

బల్ల మీద మోటారు తిప్పి చూసేటప్పుడు ముందున్న పంకా ఊడదీసి పెట్టు. అది చిన్నదే గాని వేలు తెగడానికి పెద్దది కానక్కర్లేదు. ముందు రిమోటు ఆన్ చేసి, తర్వాతే బ్యాటరీ తగిలించు. తీసేటప్పుడు ముందు బ్యాటరీ.

తోక పలకలకు తీగలు తగిలించు. ఇక మైదానానికి వెళ్ళడమే.

చెట్లు, కరెంటు తీగలు లేని చోటు చూసుకో. పొద్దున్నే వెళ్ళు, గాలి లేవక ముందే. కర్రకు దారం కట్టి నిలబెడితే గాలి ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది. గాలికి ఎదురుగా విసరాలి. ఆకాశంలోకి కాదు, సూటిగా, గుమ్మం అవతలి మనిషికి సంచి అందించినట్టు. లేచాక తొందరపడి తిప్పకు. ముందు ఎత్తు సంపాదించు. ఎత్తుంటే తప్పు దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

ఇక్కడ అంతా మామూలే. గోనెసంచులు అయిపోయాయి, ఇప్పుడు దుప్పట్లు కుడుతున్నాం.

అన్నయ్య


మూడో అంతస్తు
ఏప్రిల్ 20

అన్నయ్యా,

పుస్తకంలో పధ్నాలుగో పేజీ ఉంది. ఒక మనిషి విమానం వెనక నిలబడి రిమోటు పట్టుకున్నాడు. రిమోటు మీది పుల్లను తన వైపు లాగితే తోక పలక పైకి లేవాలి, ముందుకు తోస్తే కిందికి దిగాలి. బాణాలు వేసి మరీ చూపించారు. పుస్తకం మొత్తంలో ఎర్రసిరా వాడింది ఆ పేజీ ఒక్కదానికే.

నువ్వు జిగురు గురించి రాశావు. గాలి గురించి రాశావు. పంకా ఊడదీయమన్నావు. ఈ పేజీ దగ్గరికి వచ్చేసరికి "ఇక మైదానానికి వెళ్ళడమే" అని దాటేశావు. పందొమ్మిదేళ్ళు విమానాలు చూసినవాడు దీన్ని మరిచిపోయాడంటే నేను నమ్మను.

విమానాన్ని బల్ల మీద పెట్టి లాగాను. పలక కిందికి దిగింది. మళ్ళీ లాగాను. మళ్ళీ కిందికే. కోర్టులో "తీగలు తారుమారు, తీగలు తారుమారు" అని పదిసార్లు విన్నాను గాని అదేమిటో నాకు అప్పుడు తెలియలేదు. బల్ల ముందు కూర్చుని ఇప్పుడు చూశాను. పైకి రమ్మంటే కిందికి పోతుంది. కిందికి రమ్మంటే పైకి. ఆయన చేతిలో ఉన్నది ఇదన్నమాట.

రిమోటు అడుగున వరసగా చిన్న మీటలున్నాయి. ఒకదాన్ని గోటితో పక్కకు జరిపాను. సరిపోయింది. గోటితో పోయేది, అన్నయ్యా.

ఇప్పుడు నేను దాచిన సంగతి చెబుతాను. పెట్టె దొరకడం నిజమే. కాని దానికంటే ముందు నాకొక కాగితం వచ్చింది. నిన్ను ముందుగా వదలడానికి చనిపోయినవారి కుటుంబానికి అభ్యంతరం ఉందో లేదో చెప్పమని అడిగారు. జనవరి నుంచి అది నా దగ్గరే ఉంది. మే నెలాఖరుకి పంపాలి. పెట్టె దొరక్కపోయినా ఏదో ఒక వంకతో నీకు రాసేదాన్ని. నువ్వు మాట్లాడుతుంటే వినాలి, అంతే. నీ ఉత్తరాలు బాగున్నాయి. చిన్నప్పటి అన్నయ్యవే. అదే నాకు భయమేసింది.

కోర్టులో నువ్వు ఏమన్నావు? "తోక సరిగ్గా కదులుతోందో లేదో చూడమని ఆయన నన్ను అడగలేదు, రోజూ చేసే పరీక్ష చేయకుండానే బయలుదేరాడు" అన్నావు. జడ్జి తప్పును ఇద్దరికీ పంచాడు. నీ శిక్ష తగ్గింది. ఆయన ఎలాంటి మనిషో నీకు తెలుసు. ఊరెళ్తుంటే గ్యాస్ కట్టేశామా అని మెట్లు దిగాక రెండుసార్లు వెనక్కి వచ్చేవారు. ఆ మనిషి అడగలేదా?

ఆ పొద్దున మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో రాయి. నీళ్ళు నమలకు.

చెల్లెలు


కారాగారం, కుట్టుపని విభాగం
మే 2

చెల్లీ,

అడిగాడు.

ఆ ముందురోజు సాయంత్రం తోక తీగలు మార్చాను. పాతవి అరిగిపోయాయి. కొత్తవి తగిలించేటప్పుడు పైది కిందికి, కిందిది పైకి వెళ్ళాయి. అలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అందుకే పని అయ్యాక ఒకరు లోపల కూర్చుని విమానం నడిపే కర్ర కదపాలి, ఒకరు వెనక నిలబడి తోక చూడాలి. అది చేయకుండానే, చేశానని రిజిస్టరులో సంతకం పెట్టాను. ఇంతవరకు కోర్టుకు కూడా తెలుసు.

పొద్దున బావ వచ్చాడు. ఎనిమిదింటికల్లా గాలి లేస్తుంది, ఆలోపు మూడు పొలాలకు చల్లాలి. నేను మందు ట్యాంకుకు గొట్టం బిగిస్తున్నాను, తోక వైపు నా వీపు ఉంది. బావ లోపల కూర్చుని కర్రను లాగాడు. కూర్చున్న చోటు నుంచి వాడికి తోక కనబడదు. "బావా, వెనక నుంచి చూసి చెప్పు, తోక సరిగ్గా లేస్తోందా?" అన్నాడు.

నేను తల తిప్పలేదు. గొట్టం చేతిలో ఉంది. "బ్రహ్మాండంగా ఉంది, నువ్వు పో" అన్నాను.

"చూశావా?" అన్నాడు.

"చూశాను" అన్నాను.

అంతే జరిగింది. తల తిప్పడానికి ఎంతసేపు పడుతుందో ఇక్కడ కుట్టుమిషను ముందు కూర్చుని చాలాసార్లు తిప్పి చూసుకున్నాను.

విమానం నేల వదిలాక ముక్కు కాస్త ఎక్కువ లేచింది. అందరిలాగే వాడు కర్రను ముందుకు తోశాడు. ఇంకా లేచింది. ఇంకా తోసి ఉంటాడు. తోసేకొద్దీ లేచింది. నాకు కింద నిలబడే అర్థమైంది. అరిచాను, అంత దూరం వినబడదు. వాడు చేసిందంతా సరిగ్గానే చేశాడు చెల్లీ. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశాడు. అదే వాణ్ణి చంపింది.

కంపెనీ వకీలు నన్ను కూర్చోబెట్టి, "అతను అడిగాడా లేదా అన్నది మీ ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు లేరు" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. నేను అర్థం చేసుకున్నాను. కంపెనీని, నన్ను కాపాడటానికి వాడి మీద సగం మోపాను. ఆ వాంగ్మూలం ఇచ్చేటప్పుడు అత్తయ్యగారు రెండో వరసలో కూర్చున్నారు. ఆవిడ మొహం చూడకుండా ఉండటానికి గోడ మీది గడియారం చూస్తూ మాట్లాడాను.

విడుదలకు దరఖాస్తు పెట్టింది నేనే. మిమ్మల్ని అడుగుతారని తెలుసు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఆ కాగితం సంగతే అనుకున్నాను. విమానం బొమ్మ అని చూసి, గండం గడిచింది, ఆ సంగతి రాకుండా ఇలా జరిగిపోతే చాలనుకున్నాను. పధ్నాలుగో పేజీ ఉంటుందని తెలుసు. నువ్వు తారుమారు తోకతో దాన్ని విసిరినా పోయేది బొమ్మే కదా అని సర్దిచెప్పుకున్నాను. అంటే నేను ఇంకా ఆ పొద్దున ఉన్న మనిషినే.

ఉత్తరాలు చదివే అధికారి దీన్ని చదివి, "ఇది బయటికి పోతే నీకేమవుతుందో తెలుసా, పంపమంటావా?" అని రెండుసార్లు అడిగాడు. పంపమన్నాను. ఎవరికి చూపించాలనుకుంటే వాళ్ళకు చూపించు.

అన్నయ్య


మూడో అంతస్తు
మే 26

అన్నయ్యా,

షాపులో చదివి, తిరిగి కవర్లో పెట్టి, సాయంత్రం ఇంటికి తెచ్చి అత్తయ్య చేతికిచ్చాను. ఇన్నాళ్ళూ నీకే రాస్తున్నానని చెప్పాను. "తెలుసు, బ్యాటరీల షాపతనికి అంత మంచి తెలుగు ఎక్కడిది" అంది. అంటే నీ ఉత్తరాలు నా సంచిలోంచి తీసి చదువుతూనే ఉందన్నమాట.

ఇది మాత్రం నిలబడి చదివింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. "ఇక్కడ చదువు, గట్టిగా" అని వేలు పెట్టి చూపించింది. "వెనక నుంచి చూసి చెప్పు" అని చదివాను. "ఆ మాటే అన్నాడా?" అంది. అన్నారని రాశాడు అత్తయ్యా అన్నాను. "వాడు అడిగాడు" అంది. కూర్చుంది. "వాడు రెండుసార్లు అడిగాడు" అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మర్నాడు పక్కింటామె పలకరిస్తే ఆయన గురించి తనే మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడికి ఎలా వెళ్ళేవారో దగ్గర నుంచి. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నాకూ తెలియని సంగతులు.

కాగితం పంపాను. అభ్యంతరం ఉంది అన్న చోట గుర్తు పెట్టాను. నీ ఉత్తరం నకలు జత చేశాను. నిన్ను లోపల ఉంచాలని కాదు, నిజం తెలియాలనే అని రాయబోయాను. అదీ అబద్ధమే. ఉంచాలనే. నువ్వు బయటికి వచ్చి ఏదో ఒక రోజు ఈ మెట్లెక్కి తలుపు కొడితే ఏ మొహంతో తీయాలో నాకు తెలియదు. నువ్వు నా అన్నయ్యవి. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు.

నిన్న మూతపడ్డ గిడ్డంగి వెనక మైదానానికి వెళ్ళాం. అత్తయ్య తోక వెనక వంగి నిలబడింది. నేను పుల్ల లాగితే "పైకి" అంది, తోస్తే "కిందికి" అంది, ఎక్స్‌చేంజీలో నంబర్లు చెప్పినట్టు స్పష్టంగా. నాలుగుసార్లు చేయించింది. తర్వాత తనే విసిరింది. లేచింది. రెండు చింతచెట్ల ఎత్తు పోయింది. నిమిషం పైగా తిరిగి ఉంటుంది. నా వైపు మళ్ళాక కుడి ఎడమలు తారుమారైపోయాయి. ఎటు తోయాలో తోచలేదు. ముక్కు నేలకు కొట్టింది. అత్తయ్య ముక్కలు ఏరి సంచిలో వేసి "జిగురు ఉందిగా, పద" అంది.

చెల్లెలు


కారాగారం, కార్యాలయం పక్క గది
జూలై 9

చెల్లీ,

విచారణ అయింది. విడుదల కొట్టేశారు. అబద్ధపు వాంగ్మూలానికి విడిగా కేసు పెట్టారు, నేను ఒప్పుకున్నాను. ఇంకో రెండేళ్ళు కలుస్తాయంటున్నారు. వకీలు పేరు కూడా చెప్పాను. ఆయన అలాంటిదేమీ అనలేదని రాసిచ్చాడట. నిజమే, ఆయన ఏమీ అనలేదు.

నన్ను వేరే జైలుకు మారుస్తున్నారు. చాలా దూరం. అక్కడ నెలకు ఒక్క ఉత్తరమే.

మనసు తేలికపడిందని రాయాలనుంది గాని పడలేదు. నాకు యాభై రెండు. బయటికి వచ్చేసరికి ఎంతో లెక్కేసుకుని భయపడుతున్నాను. నువ్వు చేసింది తప్పనడం లేదు. భయంగా ఉందని మాత్రం చెబుతున్నాను. ఇక నీకు అబద్ధాలు రాయకూడదని.

విమానం నీ వైపు వస్తున్నప్పుడు కుడి, ఎడమ అని ఆలోచించకు. ఏ రెక్క కిందికి వాలుతుందో పుల్లను ఆ వైపుకే తొయ్యి, వాలిన రెక్క కింద ఊతకర్ర పెట్టినట్టు. లేచి నిలబడుతుంది.

అన్నయ్య


మూడో అంతస్తు
ఆగస్టు 30

అబ్బాయ్,

కోడలి చేత రాయించకుండా నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

పోయిన వారం మీ పాత కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు కుర్చీ వేశాడు. కుర్చీ వద్దు, రాసుకో అన్నాను. "మావాడు అడిగాడు. చూశానని చెబితేనే వెళ్ళాడు" అని రాయించి, కింద ముద్ర వేయించుకుని, ఒక కాపీ తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక బియ్యం డబ్బా మీద పెట్టాను. అక్కడే ఉంది.

నిన్ను క్షమించలేదు. క్షమిస్తానని ఆశ పెట్టుకోకు, అడగనూ అడగకు. నా ఇంట్లో తిని, నా కొడుకు భుజం మీద చెయ్యేసి తిరిగినవాడివి. తల తిప్పలేకపోయావు. తర్వాత వాడి మీద బురద చల్లావు. మొదటిదానికంటే రెండోదే నాకు ఎక్కువ. మూడేళ్ళు నా కొడుకును నేనే నిర్లక్ష్యపు మనిషి అనుకుంటూ బతికాను. ఆ మూడేళ్ళు నువ్వు ఏం చేసినా తిరిగిరావు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నీ ఉత్తరం వచ్చిన రోజు కోడలు తిండి తినదు. రాని నెలలో పోస్టు వేళకు షాపు గుమ్మంలో నిలబడుతుందట. ఈ నెల నువ్వు రాయలేదు. రాయకూడదని అనుకున్నావేమో. అనుకుంటే మానుకో. దానికి నేను ఒక్కదాన్నే ఉన్నాను, నాకు డెబ్బై ఒకటి.

విమానం బాగానే పైకి పోతోంది. నువ్వు చెప్పినట్టు చేస్తే ఎదురొచ్చేటప్పుడు కూడా నిలబడుతోంది. దించడం మాత్రం కోడలికి రావడం లేదు. నేల దగ్గర పడగానే కంగారుపడి మోటారు కట్టేస్తుంది, రాయిలా పడుతుంది. ఇప్పటికి నాలుగుసార్లు అతికించాం. ముక్కులో నురుగు కంటే జిగురే ఎక్కువైంది. మోటారు ఎప్పుడు తగ్గించాలో, ఎంత ఎత్తులో పుల్ల లాగాలో వివరంగా రాయి. దాటేయకుండా, అన్నీ రాయి.

జవాబు దానికి రాయి. నాకు కాదు.